థాయ్ కూర సరే, అన్నమేది బిడ్డా?

కాలీఫ్లవర్‌ను సన్నగా తురిమి, మూకుడులో ఐదు నిమిషాలు వేయిస్తే తెల్లగా పొడిపొడిగా అవుతుంది. కంచంలో వడ్డిస్తే దూరం నుంచి అచ్చం అన్నమే. కానీ నలభై ఏండ్లుగా వరి పండిస్తున్న మనిషి ముందు ఆ వేషాలు నడవవు. మా నాయిన రెండు వేళ్లతో నలిపి చూసిండు. పక్కన గిన్నెలో పచ్చగా పొగలు కక్కుతున్న కూరను చూసిండు. తర్వాత నా మొహం చూసి, "థాయిలాండ్ కూర సరే. అన్నమేది బిడ్డా?" అన్నాడు.

మొన్న సంక్రాంతికి తుంగతుర్తిలో మా ఇంట్లో జరిగిన ముచ్చట ఇది. ఈవారం వంట థాయ్ గ్రీన్ కర్రీ. కొలతలు, కిటుకులు అన్నీ చెప్తాను. దాంతోపాటు నేను చేసిన ఒక పెద్ద తప్పు కూడా చెప్పాలి. అది చెప్పకుండా కొలతలు మాత్రం ఇస్తే మీలో ఎవరో ఒకరు అదే తప్పు మీ ఇంట్లో చేస్తారేమోనని భయం.

నాయినకు షుగర్ బయటపడి ఆరేండ్లు. డిసెంబర్‌లో పరీక్ష చేయిస్తే మూడు నెలల సగటు, అదే హెచ్‌బీఏ1సీ, 9.2 వచ్చింది. ఫోన్‌లో అమ్మ "జెర్ర ఎక్కువ ఉందంట" అని మామూలుగా చెప్పింది. రిపోర్టు ఫొటో చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీకూ తెలుసు కదా, హైదరాబాద్‌లో ఉండే పిల్లలు ఇలాంటప్పుడు చేసే పని ఒక్కటే. ఫోన్ తీసి రీల్స్ చూడటం. రెండు గంటల్లో నేను లో-కార్బ్ నిపుణురాలిని అయిపోయాను!

తెలుగువాళ్లకు ఈ లో-కార్బ్ మాట కొత్తది కాదు. 2017, 18 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి వీడియోలు ఊరూరా తిరిగినప్పుడు కొబ్బరినూనె, నిమ్మకాయలు, రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు అంటూ ఎంతమంది మొదలుపెట్టారో గుర్తుందా? డాక్టర్లు అభ్యంతరాలు చెప్పారు, టీవీల్లో పెద్ద చర్చలే నడిచాయి. ఆ వాదన ఎటు తేలినా ఒక సంగతి మాత్రం జనానికి ఎక్కింది. షుగర్ అంటే చాయ్‌లో వేసుకునే చక్కెర ఒక్కటే కాదు, కంచంలో పోసుకునే అన్నం కూడా అని.

లెక్కలు కూడా ఆ మాటే చెప్తున్నాయి. ఐసీఎంఆర్ దేశమంతా తిరిగి చేసిన ఇండియాబ్ సర్వే 2023లో బయటికి వచ్చింది. దాని ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైనే, అంచున ఉన్నవాళ్లు ఇంకో 13 కోట్ల పైన. అదే సర్వేలో మన తిండి గురించి 2025లో వచ్చిన లెక్క ఇంకా సూటిగా ఉంది. సగటున మన కేలరీల్లో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయట. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ధాన్యాలు, చిరుధాన్యాలు అన్నీ కలిపి 45 శాతం దాటొద్దని ఉంది. మా ఇంట్లో అయితే ఆ లెక్క ఏనాడూ కుదరదు. మాకు అన్నమంటే కంచం నిండా, కూరంటే కంచం అంచున.

ఇక థాయ్ కర్రీయే ఎందుకంటారా? నాకు ఇష్టం కాబట్టి. రీల్‌లో "కీటో ఫ్రెండ్లీ" అని రాసుంది కాబట్టి. కొబ్బరిపాలు, కోడిమాంసం, వంకాయ ఉన్న కూరను నాయిన వద్దనడని నా నమ్మకం.

ఆ కూరలో ఏముంది?

థాయ్‌లాండ్‌లో దీన్ని 'కేంగ్ ఖియావ్ వాన్' అంటారు. కేంగ్ అంటే కూర, ఖియావ్ అంటే ఆకుపచ్చ, వాన్ అంటే తీపి. పేరులో తీపి ఉంది కదా అని కూర తియ్యగా ఉండదు. ఆ తీపి రంగుకు సంబంధించింది, కంటికి ఇంపైన లేతపచ్చ అన్నమాట. నిజానికి కూర నాలుక మండేలా కారంగా ఉంటుంది.

హైదరాబాద్‌లో కొన్న రెడీమేడ్ పేస్టు సీసాను బస్సులో వెనక్కి తిప్పి చదివితే పదార్థాల వరసలో చక్కెర బాగా పైనే కనిపించింది. కొబ్బరిపాల పొడి ప్యాకెట్ మీద మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంది. అది పిండిపదార్థమే, రక్తంలో చక్కెరను గబగబా పెంచే రకం. హోటళ్లలో అయితే తాటిబెల్లమో చక్కెరో వేసి, కొందరు చిక్కదనం కోసం కార్న్‌ఫ్లోర్ కూడా కలుపుతారు. అంటే అసలు కూరలో పెద్దగా కార్బ్స్ లేవు. మనం సుఖం కోసం కొనే సీసాలు, పొట్లాలు దాన్ని అలా చేస్తున్నాయి. అందుకే సీసా పక్కన పెట్టేసి మొత్తం ఇంట్లోనే చేద్దామనుకున్నా.

తుంగతుర్తిలో థాయ్ సరుకు దొరుకుతుందా అని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వాను. కానీ వెతికిన కొద్దీ నా నవ్వే తగ్గింది.

నిమ్మగడ్డి మా వీధి చివర ఒకరి పెరట్లో గుబురుగా పెరిగి ఉంది. చాయ్‌లో వేసుకోవడానికి పెంచుతున్నారు. "ఎన్ని కావాల్నో కోసుకపో బిడ్డా" అన్నారు. థాయ్‌వాళ్లు వాడే గలంగల్ అనే దుంప మన దుంపరాష్ట్రమే. అల్లం చుట్టం. సూర్యాపేటలో మూలికల కొట్టులో దగ్గు మందుగా ఎండు ముక్కలు అమ్ముతున్నారు. పచ్చిది దొరికితే మేలు. ఎండుది కట్టెలా ఉంటుంది కాబట్టి రాత్రంతా నానబెట్టాలి. ఘాటెక్కువ, చిటికెన వేలి చివరంత ముక్క చాలు. ఏదీ దొరక్కపోతే అల్లం వేసుకోండి. రుచి మారుతుంది, కూర పాడు కాదు.

థాయ్ తులసి గురించైతే ఒక రహస్యం చెప్తాను. ఫలూదాలో వేసే సబ్జా గింజలున్నాయే, అవి అదే జాతి మొక్క గింజలు. దసరాకు వచ్చినప్పుడు కిరాణంలో పది రూపాయల సబ్జా కొని, ఖాళీ పెయింటు డబ్బాలో మట్టి నింపి చల్లిపోయాను. సంక్రాంతికి వచ్చేసరికి మోకాలెత్తు పెరిగి పూతకొచ్చింది. వాసన సరిగ్గా థాయ్ రకం అంత సోంపులా ఉండదు గానీ దగ్గరిదే. మక్రుత్ అనే నిమ్మజాతి ఆకులకు బదులు లేత నిమ్మాకులు, దబ్బ చెట్టు ఉంటే దబ్బాకులు. ఇక థాయ్ కూరలో వేసే పచ్చటి గుండ్రటి వంకాయలు మన అంగట్లో ఎప్పుడూ ఉండేవే. వాళ్లు బఠాణీలంత చిన్న వంకాయలు కూడా వేస్తారు, అవి మన ఉస్తికాయల వరసవి.

మిగిలింది చేపల సాస్, రొయ్యల ముద్ద. చిన్న చేపలను ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసిన రసమే ఆ సాస్. దానికి మన దగ్గర జవాబు ఎండు రొయ్యలు. గుప్పెడు తీసుకుని తలలు, తోకలు గిల్లేసి, నూనె లేకుండా ఎర్రగా వేయించి దంచాలి. వేయించేటప్పుడు పక్కింటివాళ్లకు కూడా మీరు ఏం చేస్తున్నారో తెలిసిపోతుంది, దానికి నేనేమీ చేయలేను.

రోట్లోనా, మిక్సీలోనా?

నలుగురికి కొలతలు ఇవి. పచ్చిమిర్చి పది, పన్నెండు. సాంబారు ఉల్లిగడ్డలు ఆరు, ఎల్లిగడ్డ రెబ్బలు ఏడెనిమిది. నిమ్మగడ్డి రెండు కాడలు, కింది తెల్లటి భాగం మాత్రమే. పైఆకు నోటికి పీచులా తగులుతుంది, దాన్ని చాయ్‌కి ఉంచుకోండి. చెంచాడు ధనియాలు, అర చెంచా జీలకర్ర, అర చెంచా మిరియాలు వేయించినవి. నిమ్మకాయ పైతొక్క కొంచెం గీకి, తెల్లటి లోపలి తోలు రాకుండా. నానిన దుంపరాష్ట్రం ముక్క. దంచిన ఎండు రొయ్యలు. ఉప్పు.

ఒకటి మరిచిపోయాను, అదే అన్నిటికన్నా ముఖ్యం. కొత్తిమీర వేళ్లు. మనం కట్ట కొనగానే కోసి పారేసేది అదే. థాయ్ వంటలో అసలు రుచి దాంట్లోనే ఉంది. మట్టి పోయేలా నాలుగు నీళ్లలో కడిగి, ఐదారు వేళ్లు, కాడలు వేయండి. పచ్చరంగు బాగా రావాలంటే గుప్పెడు ఆకు కూడా. అమ్మకు ఇది భలే నచ్చింది. "ఇన్నేండ్లు బర్రెకేసినం" అంది.

థాయ్‌వాళ్లు కూడా మనలాగే రాతి రోట్లో దంచుతారు. మా ఇంటి రోలు వాకిట్లో బోర్లా పడి ఉంటే నేనూ అమ్మా కలిసి కడిగి నిలబెట్టాం. ముందు పొడి దినుసులు, తర్వాత పీచున్నవి, చివర నీరున్నవి. ఇరవై నిమిషాలు దంచేసరికి నా భుజం పడిపోయింది. మిక్సీలో వేసినా పాపమేమీ లేదు. కాకపోతే నీళ్లు పోయకండి, రెండు చెంచాల కొబ్బరిపాలు పోసి తిప్పండి.

పెద్ద కొబ్బరికాయ ఒకటి తురిమి, గోరువెచ్చని నీళ్లు గ్లాసు పోసి పిండితే చిక్కటి మొదటి పాలు. అదే తురుమును మళ్లీ ఒకటిన్నర గ్లాసు నీళ్లతో పిండితే రెండో పాలు. రెండూ వేరువేరుగా ఉంచాలి. మొదటి పాలలో సగం మూకుడులో పోసి సన్న సెగ మీద కలుపుతూ ఉండండి. పదినిమిషాలకు పాలు విరిగి నూనె పైకి తేలుతుంది. మన వంటల్లో పాలు విరిగితే కంగారు పడతాం గానీ ఇక్కడ విరగాల్సిందే. ఆ నూనెలో ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా వేయించాలి. వేరే నూనె చుక్క అక్కర్లేదు. అప్పుడు అరకిలో ఎముకల్లేని కోడి తొడ ముక్కలు వేసి రెండు నిమిషాలు తిప్పి, రెండో పాలు పోసి ఉడకనివ్వండి. సగం ఉడికాక నాలుగు పలుకులుగా కోసిన పావుకిలో వంకాయలు. అవి మెత్తబడ్డాక మిగిలిన చిక్కటి పాలు, నలిపిన నిమ్మాకులు నాలుగు. ఒక్క పొంగు రాగానే దించేసి, సబ్జా ఆకులు గుప్పెడు వేసి మూత పెట్టండి. నిమ్మాకులు ఎక్కువసేపు ఉడికితే చేదెక్కుతుంది. వడ్డించే ముందు ఏరేయండి. బెల్లం, చక్కెర వేయకండి. చిక్కటి కొబ్బరిపాల కమ్మదనమే సరిపోతుంది.

అమ్మ గంటెతో కొంచెం అరచేతిలో వేసుకుని నాకి చూసి, "కొబ్బరి చట్నీలో కోడిని ముంచినట్టున్నది" అంది. ఇంకో గంటె వేసుకుంది. అది మెచ్చుకోలే అని నేను అర్థం చేసుకున్నా.

నా లెక్కలో ఈ కూరలో మనిషికి పిండి పదార్థం పది గ్రాములు, కాస్త అటూ ఇటూ. అదే రోజు మధ్యాహ్నం నాయిన తిన్న కంచాన్ని నేను వంటింటి తూకం మీద పెట్టి చూశాను. అన్నం 450 గ్రాములు. వండిన అన్నం వంద గ్రాముల్లో దాదాపు 28 గ్రాములు పిండి పదార్థమే. అంటే ఒక పూట కంచంలో 125 గ్రాములు! దాని పక్కన కూర లెక్క ఏపాటిది?

అందుకే ఆ రాత్రి అన్నం వండలేదు. కాలీఫ్లవర్ తురిమాను. అన్నమేది అని నాయిన అడిగితే, "ఇయ్యాల్టికి ఇదే అన్నం" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. కూర మాత్రం రెండుసార్లు వేయించుకున్నాడు. గోబీ తురుము సగం వదిలేసి లేచాడు. రోజూ వేసుకునే సాయంత్రం గోలీ అప్పటికే వేసుకున్నాడు.

ఆ రాత్రి

పదకొండున్నరకు అమ్మ పిలుపుకు లేచాను. నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. జనవరి చలిలో బనీను తడిసిపోయేంత చెమట. చేతులు వణుకుతున్నాయి. ఏమైంది నాయినా అంటే మాట ముద్దగా వస్తోంది. గ్లూకోమీటర్ తీసి వేలికి గుచ్చితే 58.

చక్కెర తగ్గించాలని కంకణం కట్టుకున్న నేనే పరుగెత్తి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాను. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూస్తే 84. అప్పుడు అమ్మ గిన్నెలో పెరుగన్నం కలిపి తెచ్చింది, మధ్యాహ్నం మిగిలిన అన్నంతో. నాయిన అది తిని పడుకున్నాడు. నేను తెల్లారేదాకా ఆయన మంచం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది.

తెల్లారి సూర్యాపేటలో డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆయన విషయం విని, గోలీల స్ట్రిప్ నా చేతిలో పెట్టి చదవమన్నారు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిపిన గోలీ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే చక్కెర మరీ కిందికి పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ అలా కాదు. మనం తిన్నామా లేదా అని చూడకుండా క్లోమంతో ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. ప్రతి రాత్రీ వందకు పైగా గ్రాముల పిండి పదార్థం వస్తుందని లెక్కవేసి ఇచ్చిన మందు అది. నేను ఒక్క పూటలో ఆ వందనూ తీసేశాను. మందు మాత్రం తన పని తాను చేసింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లకు లో-కార్బ్ మొదలుపెట్టాలనుకుంటే ముందు చూడాల్సింది రెసిపీ కాదు, గోలీల పేర్లు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి వాడుతున్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా డాక్టర్‌ను అడగకుండా అన్నం కోయకండి. పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే మందులతో ఇంకో రకం ప్రమాదం. పిండి పదార్థం బాగా తగ్గించేస్తే రక్తంలో కీటోన్లు పేరుకుపోయి ఆసుపత్రి పాలయ్యే పరిస్థితి రావచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ల సంగతి వేరే. ఇంట్లో గ్లూకోమీటర్ లేకుండా ఈ పనికి అసలు దిగొద్దు.

నాయిన సాయంత్రం గోలీ మోతాదు డాక్టర్ తగ్గించారు. అన్నం మానేయమనలేదు. మెల్లగా తగ్గించుకుంటూ రమ్మన్నారు. కొబ్బరిపాల గురించి కూడా ఒక మాట అన్నారు. అందులో సంతృప్త కొవ్వు ఎక్కువ, నాయిన కొలెస్ట్రాల్ అంతంతమాత్రం, కాబట్టి ఈ కూర వారానికి ఒకసారి చాలు అని. రీల్స్‌లో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

బువ్వ కోసం ఏడ్సినోళ్లు

ఇంటికొచ్చాక మా నాయినమ్మ గడప మీద కూర్చుని అన్న మాట నా చెవిలో ఇంకా ఉంది. ఆమెకు ఎనభై దాటాయి. "మేం బువ్వ కోసం ఏడ్సినం. మీరు బువ్వ వద్దని ఏడుస్తున్రు" అంది. తిట్టులా అనలేదు, ఉన్నమాట చెప్పినట్టు అంది.

ఆమె చిన్నతనంలో మా వైపు వరన్నం పండుగకే. మిగతా రోజులు జొన్న గటక. మా తుంగతుర్తి దగ్గరి కర్విరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం గారు పదేండ్ల ప్రాయం దాటీ దాటకముందే వెట్టి జనానికి తమ ఇంటి బియ్యం పంచి ప్రజల్లోకి వచ్చారు. తర్వాత తుపాకీ పట్టి సాయుధ పోరాటంలోకి, 1978లో, 83లో తుంగతుర్తి ఎమ్మెల్యేగా అసెంబ్లీలోకి. ఆ బియ్యం పంచడం ఒక కథలా విన్న నాకు, అది అన్నదానం కాదు తిరుగుబాటు అని ఇప్పుడే అర్థమైంది. ఇక్కడ అన్నం అంటే అంత.

కింద మిర్యాలగూడ, కోదాడ వైపు 1967లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాక వరి విరగపండింది, వరసగా రైస్ మిల్లులు లేచాయి. మా పైభాగానికి ఆ కాలువ ఎక్కదు. మేం శ్రీరాంసాగర్ రెండో దశ నీళ్ల కోసం ఏండ్ల తరబడి ఎదురుచూశాం. బోర్లు వేసి, అవి ఎండితే ఇంకోటి వేసి నాయిన పండించిన వరి అది. ఆయన కంచంలో కుప్పపోసిన అన్నం ఆకలికి మించిన సంగతి. నేను దాన్ని 125 గ్రాముల పిండి పదార్థంగా మాత్రమే చూశాను. లెక్క తప్పు కాదు. కానీ నాయినకు ఆ లెక్క వేరే భాషలో చెప్పాల్సింది.

తమాషా ఏంటంటే, ఈ విషయంలో థాయ్‌లాండ్‌వాళ్లూ మనవాళ్లే. వాళ్ల భాషలో తినడం అనడానికి 'కిన్ ఖావ్' అంటారు. అక్షరాలా 'అన్నం తినడం'. ఎదురుపడితే "అన్నం తిన్నావా?" అని పలకరిస్తారు. ఆ గ్రీన్ కర్రీ కూడా పుట్టింది అన్నం కోసమే. అన్నం లేని థాయ్ కూర మనం కనిపెట్టింది, వాళ్లది కాదు.

"పోనీ జొన్నరొట్టె తింటా" అన్నాడు నాయిన. చాలామంది ఇదే అనుకుంటారు. నిజానికి బియ్యంలో వందకు 78 గ్రాముల పిండి పదార్థం ఉంటే జొన్నల్లో 68 దాకా ఉంటుంది. పీచు ఎక్కువ, నిదానంగా అరుగుతుంది, మంచిదే. కానీ మూడు రొట్టెలు లాగిస్తే లెక్క మళ్లీ మొదటికే. నేను పైన చెప్పిన 2025 లెక్కల్లో కూడా ఇదే తేలింది. మొత్తం తగ్గించకుండా బియ్యం తీసి గోధుమో చిరుధాన్యమో పెడితే ముప్పు తగ్గలేదు. కొంత భాగం తీసి ఆ చోట పప్పులు, పాలు, పెరుగు లాంటి ప్రోటీన్ పెడితేనే తేడా కనిపించింది.

ఇంకో ఆశ కూడా ఉండేది ఆయనకు. తెలంగాణ సోనా, మా రైతులు ఆర్‌ఎన్‌ఆర్ అని పిలిచే 15048 రకం. రాజేంద్రనగర్‌లో తయారై 2015లో విడుదలైంది. గ్లైసీమిక్ ఇండెక్స్ 51 పైచిలుకు. మామూలు సన్నబియ్యం కన్నా తక్కువ. అందుకే కొట్లలో దాన్ని "షుగర్ బియ్యం" అని అమ్ముతున్నారు. మేమూ ఆ రకమే వేస్తాం. అది చక్కెరను నిదానంగా పెంచుతుంది, నిజమే. కానీ దాంట్లోనూ పిండి పదార్థం దాదాపు అంతే. షుగర్ బియ్యమే కదా అని రెండింతలు తింటే ఆ నిదానం ఎటు పోతుంది? ఇది చెప్పినప్పుడు నాయిన కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. తన పంట మీద నమ్మకం కదా.

చివరికి బేరం ఇలా కుదిరింది. అన్నం వదలడు. కానీ అదే సోనా అన్నం ఒక చిన్న స్టీలు గిన్నెతో కొలిచి ఒక్కసారే. మొదటి నెల 300 గ్రాములు, రెండో నెల 200, ఇప్పుడు 120 దగ్గర ఆగాడు. కంచంలో ముందు కూర, తర్వాత అన్నం. గుడ్డో పప్పో పెరుగో తప్పనిసరి. గోబీ తురుము విడిగా వద్దన్నాడు గానీ, అన్నంలో కలిపి అమ్మ పోపు పెడితే తింటున్నాడు. ప్రతి రెండు వారాలకు మీటర్ రీడింగులు డాక్టర్‌కు వాట్సాప్‌లో పెడుతున్నాం. ఏప్రిల్‌లో పరీక్ష చేయిస్తే 7.8. ఇంకా దిగాలి. మందుల మార్పా, అన్నం తగ్గడమా, పొద్దున పొలం దాకా నడిచి వెళ్లడమా, ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

పచ్చ ముద్ద ఎక్కువ చేసుకుంటే ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించి పెట్టుకోండి, నెల దాకా ఢోకా లేదు. రెండు గడ్డలు ఒక పూటకు సరి. శాకాహారులు రొయ్యలు మానేసి ఉప్పు కొంచెం పెంచుకుని, కోడికి బదులు పనీర్, పుట్టగొడుగులు వేసుకోవచ్చు. ఆలుగడ్డ మాత్రం వేయకండి, మళ్లీ మొదటికే వస్తుంది. అమ్మ అయితే కొత్తిమీర వేళ్ల ముద్దను టమాట పప్పులో వేసి మా మేనత్తలకు పెట్టిందట. ఏం వేసినవ్ వదినా అని అందరూ అడిగితే చెప్పలేదట.

నిన్న ఫోన్ చేసినప్పుడు నాయిన ముందు వడ్ల కాంటా గురించి మాట్లాడి, తర్వాత, "ఆ పచ్చకూర ఈసారి జెర్ర కారం తగ్గించి చెయ్" అన్నాడు. అమ్మ వెనక నుంచి అరిచింది. పెయింటు డబ్బాలో సబ్జా ఎండలకు మాడిపోయిందట. "గింజలు దులిపి పొట్లం కట్టిన, వానలు పడంగనె ఏద్దాం" అంది.